కడుపుకట్టు

ఒకటో రాత

మా అక్క కళ్ళు పచ్చబడ్డాయి. ధారగది ముందు వరసలో నిలబడ్డప్పుడు దీపం వెలుగు ముఖం మీద పడితే చూశాను. తెల్లగుడ్డు ఉండాల్సిన చోట పసుపు రాసినట్టుంది. మా వెనక నిలబడ్డవాళ్ళూ చూశారు, చూసి తలలు తిప్పుకున్నారు. మా గనిలో మర్యాదంటే ఇదే. చచ్చేవాళ్ళను చూడనట్టు నిలబడడం.

కోపంతో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే పోనీ. తెల్ల కాగితం లేదు కనక కరపత్రాల వెనకవైపు రాస్తున్నాను. ఇవి పాత బడి గోడ వెనక ఒక ఇనప్పెట్టెలో కట్టలు కట్టలుగా దొరికాయి. ఎండ ముదరక ముందు, మనుషులు పైన బతికినప్పుడు ఎవరో ఊరూరా పంచినవి. "భోజనానికి ముందు చేతులు కడుక్కోండి." "నీళ్ళు కాచి తాగండి." "మన కడుపులో ఏమున్నది?" నాకు చదువు నేర్పింది ఇవే. నాకు కోపం నేర్పింది కూడా ఇవే.

నా పని తిరగలి. గని నోటి దగ్గరి నీడలో పండిన జొన్న కిందికి దిగుతుంది. మేము మూతికి గుడ్డ కట్టుకొని విసురుతాం. పిండిని గుడ్డగొట్టంలో నుంచి తొట్టిలోకి జారుస్తాం. కంటికి కనబడని పురుగేదో తొట్టిలో దాన్ని కరిగించి పాలలాంటి ధార చేస్తుంది. ఆ ధార మెడ కింద బొడిపెలోంచి దిగి నేరుగా నెత్తుట్లో కలుస్తుంది. ఒక్క రేణువు నోట్లో పడినా ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మాలి. ముత్తాతల కాలంలో నోటిరోగం వచ్చి గని సగం ఖాళీ అయిందట. అప్పటి నుంచి నోరు మాటకే.

ఏమిటి దీని అర్థం? పండించేది మనం, విసిరేది మనం, తినే పని మాత్రం తొట్టికి అప్పజెప్పాం.

అక్క పేరు స్వరూప. ఆమె భర్త మొగిలి బావ ధారగది కావలి. అక్క కళ్ళు చూసి ఆమె గొట్టానికున్న చిలక తిప్పి ధార పెంచాడు. పచ్చబడ్డవాళ్ళకు ధార పెంచాలన్నది ఇక్కడి నియమం. ఇంతకుముందు నువ్వు పెంచినవాళ్ళంతా ఎక్కడికి పోయారని అడిగాను. అందరూ చల్లగదికి పోయారు, అక్కడి నుంచి మట్టిలోకి.

"నీ కాగితాలల్ల ఇంకో మందుంటె తీస్కరా బామ్మర్దీ," అన్నాడు బావ, నా వైపు చూడకుండా. "అందాంక నాకెరుకైంది నేన్జేస్త."

రెండో రాత

ఉంది. మందు ఉంది. కాగితంలోనే ఉంది, ఇన్నాళ్ళూ చదివి కూడా అది మందని నాకు తట్టలేదు.

నోటి నుంచి అన్నవాహిక కిందికి దిగుతుంది. అది జీర్ణాశయం అనే సంచిలో కలుస్తుంది. అక్కడ పులుసులాంటి రసం ఊరి తిండిని చిలుకుతుంది. తరవాత చిన్నపేగు. పేరుకే చిన్న, పొడవు ఇరవై అడుగులకు తక్కువుండదట. లోపలి గోడ నిండా దూదిపింజలంత మెత్తని చూషకాలుంటాయి, తిండిలోని సారాన్ని అవే పీల్చి నెత్తుటికి ఇస్తాయి. మిగిలింది పెద్దపేగులోకి పోతే అక్కడ నీళ్ళు ఇంకిపోతాయి.

అసలు సంగతి కుడిపక్క ఉంది. డొక్క కింద కాలేయం. అది పచ్చటి పసరు ఊరిస్తుంది. పిత్తాశయమనే చిన్న తిత్తిలో దాస్తుంది. తిండి చిన్నపేగులోకి దిగినప్పుడే ఆ తిత్తి పిండుకొని పసరు వదులుతుంది. మరి తిండే దిగకపోతే? తిత్తి ఎందుకు పిండుకుంటుంది? పసరు ఎటు పోతుంది? వెనక్కి తన్ని నెత్తుట్లో కలుస్తుంది, కళ్ళలో తేలుతుంది. ధార పెంచితే కాలేయానికి బరువు పెరుగుతుందే తప్ప తిత్తి తెరుచుకోదు. మనం వైద్యం అనుకొని చేస్తున్నది రోగం.

తిరగలి తాడు తెంపి ఇరవై అడుగులు కొలిచి గనివాళ్ళ సభకు పట్టుకుపోయాను. జొన్న బస్తా మీదికెక్కి మాట్లాడాను. తాడు ఒక కొస నా నోటి దగ్గర పెట్టుకొని రెండో కొస జనంలోకి విసిరి, ఇదీ మీ లోపల ఉన్న దారి, దీన్ని మూడు తరాలుగా పాడుబెట్టారు అన్నాను. బాగానే మాట్లాడాననుకున్నాను. తాడు కొస పట్టుకున్న ముసలాయన ఇది కడుపులో ఉంటే మనిషి నడుస్తాడా, ఉరేసుకుంటాడా అని అడిగాడు. సభ సభంతా నవ్వింది.

నవ్వనిది కొమురమ్మ ఒక్కతే. గనికి పెద్దదిక్కు ఆమె. ఇద్దరు కొడుకులను చల్లగదికి సాగనంపిన మనిషి. నా మాట అబద్ధమనలేదు. ఒక పిడికెడు పిండి తొట్టికి తగ్గితే అందరి ధారా ఆ మేరకు పలచబడుతుందని గుర్తుచేసింది. నోటిరోగం మళ్ళీ వస్తే జవాబు చెప్పేదెవరని అడిగింది. రోగం నోటిది కాదు, కాచని నీళ్ళదని కరపత్రం చూపించి అరిచాను. నేనంత గొంతు పెంచకుండా ఉండాల్సింది. అరిచేవాడి మాట ఎవరికీ వినబడదు.

మూడో రాత

అక్కకు ఒళ్ళంతా దురద. చేతులు, అరికాళ్ళు, వీపు రక్తం వచ్చేలా గోక్కుంటోంది. మేమందరం నడుముకు బిగించుకునే కడుపుకట్టు అంచుల దగ్గర చర్మం లేచిపోయింది. బావ మళ్ళీ ధార పెంచాడు. పెంచిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త వాడిపోతోంది. ఉచ్చ కాచిన బెల్లం రంగులో వస్తోందని నాతో గుసగుసగా చెప్పింది.

బావతో కొట్లాటకు దిగాను. నువ్వు పిరికివాడివి, నియమానికి భయపడి నా అక్కను నీ చేత్తోనే చంపుతున్నావన్నాను. బావ నా చొక్కా పట్టుకొని గోడకు ఆనించాడు. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. చిలక కట్టేస్తే ఆమె ఎట్లా బతుకుతుందో చెప్పమన్నాడు. పేగు పని చెయ్యకపోతే? మూడు తరాలుగా ఎండిన పేగు నీ కాగితం చదివి లేస్తదా? జవాబు లేనప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను, అదే చేశాను.

మంచం మీద నుంచి అక్క పిలిచింది.

"ఇద్దరు బయటికి పోయి కొట్లాడుండ్రి. నాకు తల నొస్తంది." నా వైపు తిరిగి అంది, "ఐలేశా, సద్దు జెయ్యకుంట ఇంత జొన్నపిండి తే. నేను తింట."

బావ వద్దన్నాడు. అక్క గోడ వైపు తిరిగి పడుకుంది. మా ఇంట్లో అక్క అటు తిరిగిందంటే మాట అయిపోయినట్టే.

నాలుగో రాత

తొట్టిని వెచ్చబెట్టే ఆవిరి గొట్టం మీద డబ్బా పెట్టి నీళ్ళు తెర్లేదాకా కాచాను. కరపత్రం చెప్పినట్టే. పిండి కలిపి జావ కాచాను. ఆ వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి. ఊరిన నీళ్ళు ఉమ్మెయ్యడం మా అలవాటు, నేనూ ఉమ్మాను. ఉమ్మేసిన తరవాత కరపత్రంలోని మాట గుర్తొచ్చింది: లాలాజలం, జీర్ణానికి మొదటి మెట్టు. సిగ్గేసింది.

అక్క చెంచాడు జావ నోట్లో పోసుకొని, బుగ్గల్లో గలగల తిప్పి, గిన్నెలోకి ఉమ్మేసింది. ఉమ్మొద్దు, మింగాలన్నాను. సరేనంది. మళ్ళీ తిప్పి మళ్ళీ ఉమ్మింది. చిన్నప్పటి నుంచి నోట్లో పడ్డదంతా ఉమ్మిన మనిషి. మూడోసారి తన మూతిని తనే చేత్తో మూసుకుంది. గొంతు కదిలింది. అంతలోనే పొరబోయి, దగ్గి దగ్గి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొండనాలుక పక్కన ఊపిరిగొట్టానికి ఒక మూత ఉంటుంది, మింగేటప్పుడు అది మూసుకోవాలి, మాట్లాడుతూ మింగితే తెరిచి ఉంటుంది అని చదివి వినిపించాను.

"ఆ ముచ్చట ముందు జెప్పొద్దారా," అంది దగ్గులోనే.

నాలుగు చెంచాలు లోపలికి పోయాయి. మా గనిలో మూడు తరాల తరవాత ఒక మనిషి తిండి మింగింది. ధారగదిలోకి పరిగెత్తి అందరికీ చెప్పాలనిపించింది. బావ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నేను విజయం సాధించినవాడిలా ఆయన వైపు చూశాను.

ఆ చూపు దించుకోకముందే అక్క మొత్తం కక్కేసింది.

ఐదో రాత

కక్కింది. మళ్ళీ పెట్టాను, కక్కింది. పలచన చేశాను, కక్కింది. కడుపు మరిచిపోయింది, దానికి గట్టిగా గుర్తుచెయ్యాలనుకున్నాను. అందుకని గిన్నెడు తాగించాను. రొమ్ము కింద పట్టేసి ఆమె రెండుగా వంగిపోయింది. ఊపిరాడక ముఖం నల్లబడింది. పుల్లటి నీళ్ళు ముక్కులోంచి కూడా వచ్చాయి. గొంతంతా కాలిందని సైగ చేసింది, మాట రాలేదు.

బావ గిన్నె లాక్కొని నేలకేసి కొట్టాడు. నన్ను తిట్టలేదు. గిన్నె ముక్కలేరుకుంటూ ఏడ్చాడు. నేనెప్పుడూ ఆయన ఏడవగా చూడలేదు. ఎవరికీ చెప్పకుండా చల్లగదిలో ఒక మంచం అడిగి వచ్చాడని తరవాత తెలిసింది.

అక్కకు ఇప్పుడు కళ్ళే కాదు, గోళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. పిలిస్తే ఒక్కోసారి పలుకుతోంది, ఒక్కోసారి లేదు. కరపత్రం మళ్ళీ చదివాను. మళ్ళీ చదివాను. నోరు, అన్నవాహిక, జీర్ణాశయం. అన్నీ ఆమెకూ ఉండే ఉంటాయి. ఎక్కడాగుతోంది? అంతా చదివి కూడా ఏమీ తెలియనివాణ్ణి. నా అక్క మీద నేను ఒక సభ పెట్టాను, అంతే. గెలవాలనుకున్నాను. ఇప్పుడు గెలుపు వద్దు, ఆమె ఒక్క చెంచా ఆపుకుంటే చాలు.

ఆరో రాత

తొట్టి దగ్గర పని మానితే వరసలో చోటు పోతుంది కనక పోయాను. పిండి జారడం లేదు. గుడ్డగొట్టం నడుమ ఉబ్బి, పైన పోసిన పిండి పైకే పొంగి నా కాళ్ళ మీద పడుతోంది. చూస్తే గొట్టాన్ని కొయ్యకు ఆనించి కట్టిన తాడు బిగుసుకొని ఉంది. ముడి వదులు చేశాను. పిండి సర్రున దిగిపోయింది.

నేను ఆ ముడి పట్టుకొని అట్లాగే నిలబడ్డాను. వెనకవాళ్ళు ఏమైందిరా అని అరుస్తున్నారు.

కడుపుకట్టు. అయిదో ఏట కడతారు మాకు, మూరెడు వెడల్పు గుడ్డ, డొక్కల కింది నుంచి బొడ్డు దిగేదాకా. కడుపు అడగకుండా ఉండాలని కడతారట. ఏమడుగుతుందో ఎవరూ చెప్పరు. స్నానం చేసేటప్పుడు కూడా కొత్తది పైన బిగించాకే కిందది లాగేస్తాం. పూర్తిగా విప్పేది శవానికి నీళ్ళు పోసేటప్పుడే. విప్పిన గుడ్డను గుమ్మానికి వేలాడదీస్తే ఆ ఇంట్లో మనిషి పోయిందని అర్థం. తన పేరు మరిచినవాడున్నాడేమో గాని మా గనిలో కట్టు లేనివాడు లేడు. అందుకే మాకు అది గుడ్డలా కనబడదు. చర్మంలా కనబడుతుంది. దాన్ని బిగించి ఉంచి, లోపలి సంచిలో నేను గిన్నెడు జావ పోశాను.

ఇంటికి ఎట్లా పరిగెత్తానో తెలియదు. అక్క పక్కన కూర్చొని ముడి మీద చెయ్యి వేశాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"బతికున్న మనిషిది ఇప్పుతవా? ఏం పుట్టిందిరా నీకు?"

చెప్పాను. గుడ్డగొట్టం సంగతి, ముడి సంగతి. ఈసారి అరవలేదు, అరిచే ఓపిక లేదు. బావ నా చెయ్యి వదల్లేదు, గట్టిగానూ పట్టుకోలేదు. తానే ధార పోసి పోసి చూశానని, ఏదీ నిలబడలేదని తనలో తాను అన్నట్టు అన్నాడు. తరవాత నా చెయ్యి పక్కకు తీసి ముడి తానే విప్పాడు. పెళ్ళాం కట్టు ఇంకొకడు విప్పగూడదనుకున్నాడేమో.

చుట్టు మీద చుట్టు. కింద చర్మం ముడతలు పడి, తెల్లగా, పసిపిల్ల చర్మంలా ఉంది. చివరి చుట్టు వదిలేసరికి అక్క కడుపు పైకి లేచింది. ఊపిరి ఇంత లోతుగా తీసుకోవడం నేనెప్పుడూ వినలేదు.

గుడ్డ తడిసి ఉందని బావ ఆదమరుపులో ఒక పని చేశాడు. గుమ్మానికి ఆరేశాడు.

అది చూసి బజారు కదిలింది. నీళ్ళ కుండలతో ఆడవాళ్ళు, వెనక కొమురమ్మ, ఏడుపు ఎత్తుకొని లోపలికి వచ్చేశారు. కొమురమ్మ మంచం పక్కన కూలబడి అక్క నుదురు తాకింది. అక్క కళ్ళు తెరిచింది.

"నేనింకా సావలేదు, పెద్దవ్వా. ఆ నీళ్ళు కాచి ఇటియ్యుండ్రి."

ఒకామె చేతిలో కుండ జారి పగిలింది. కొమురమ్మ మాత్రం అక్క కట్టులేని కడుపును చూస్తూ కూర్చుంది. తన ఇద్దరు కొడుకుల కట్లు తానే విప్పిన మనిషి, అప్పుడు వాళ్ళ కడుపుల్లో కదలిక లేదు. కట్టు మళ్ళీ బిగించమని ఆమె అనలేదు. కట్టమని అడుగుతున్న వాళ్ళను చేత్తో ఆపింది.

ఏడో రాత

చెంచాడు. ఆగాలి. మళ్ళీ చెంచాడు. నాకు ఆగడం రాదు, బావకు వచ్చు. చిలక తిప్పి బొట్లు లెక్కచూసే మనిషి కదా. చెంచా ఆయనకే ఇచ్చేశాను.

అక్క కక్కలేదు. కడుపులో గుడగుడమని చప్పుడైంది. ముగ్గురం భయపడ్డాం. పేగు తెగిందని బావ లేచాడు. కరపత్రం వెతికాను. పేగు గోడలు అలలు అలలుగా నొక్కుకుంటూ తిండిని ముందుకు నెడతాయట. చెవి ఆనించి విన్నాను. ఇరవై అడుగుల పాడుబడ్డ దారిలో ఎవరో నడుస్తున్నట్టుంది.

తరవాత జరిగింది రాయడానికి నాకు సిగ్గులేదు. మూడు తరాలు సిగ్గుపడే ఈ గతికి వచ్చాం. కింద బరువుగా ఉందంది అక్క. మొదట వచ్చింది తెల్లగా, బూడిద కలిపిన మట్టిలా ఉంది. బావ కళ్ళ నిండా ఆశ. నేను మాత్రం కూలబడ్డాను. పేగులోకి పసరు దిగితేనే మలానికి రంగు వస్తుందని కాగితంలో ఉంది. రంగు లేదంటే తిత్తి తెరుచుకోలేదు. దారి నడుస్తోంది గాని పసరు కలవడం లేదు. అంతా చేసి కూడా ఆమె పోతుందన్నమాట. ఆ సంగతి బావకు చెప్పలేకపోయాను. ఆయన మాత్రం చెంచా ఆపలేదు. ఏ ధైర్యంతో పోశాడో తెలియదు. తెలియని ధైర్యంతోనే పోసి ఉంటాడు. కొమురమ్మ రెండు పిడికిళ్ళ పిండి కొంగులో తెచ్చి గుమ్మంలో పెట్టిపోయింది, లోపలికి రాలేదు.

ఈ పూట బావ నన్ను రెక్క పట్టి లేపి, గిన్నె ముఖం ముందు పెట్టాడు. పసుపు. ఆకుపచ్చ కలిసిన చిక్కటి పసుపు. ఆ వాసనకు బయట పోయేవాళ్ళు పరిగెత్తారు. మేమిద్దరం ఆ గిన్నె మీదికి వంగి, దీపం దగ్గరికి జరిపి, బంగారం చూసినట్టు చూశాం.

"గిదేనా?" అన్నాడు బావ.

ఇదేనన్నాను. కళ్ళలో ఉండాల్సింది కాదు, ఇక్కడ ఉండాల్సింది.

బావ ధారగదికి పోయి అక్క చిలక సగానికి తిప్పాడు. అట్లా తిప్పుతూ తిప్పుతూ చివరికి మొత్తం కట్టేశాడు. ఆ చిలక తిప్పుతున్నప్పుడు ఆయన చెయ్యి చూసిన తరవాత, ఇంకెప్పుడూ ఆయన్ను పిరికివాడని అనను.

ఎనిమిదో రాత

భయంగా ఉంది. అంతా బాగుందనుకున్నప్పుడే ఇది.

ధార ఆపిన తరవాత అక్క నిద్రపోయింది. లేస్తూనే కడుపు పట్టుకుంది. లోపల ఎవరో గోళ్ళతో గీరుతున్నట్టుందంది. ఖాళీ చేసిన తిత్తిని పిండుతున్నట్టుందంది. చేతులు వణుకుతున్నాయి, తల తిరుగుతోందంది, చీటికిమాటికి కోపం. బావను ఊరికే తిట్టింది. జావ దించు బావా, పుండు పడిందేమో, ఆపేద్దాం అన్నాను. చిలక తెరవడానికి బావ లేచాడు. కరపత్రంలో పుండు గురించి ఉంది, వాపు గురించి ఉంది, రాయి గురించి ఉంది. ఇట్లా గీరడం గురించి ఎక్కడా లేదు. ఈ నొప్పి ఏమిటో రాయాల్సిన అవసరమే వాళ్ళకు రాలేదేమో.

గిన్నె నా వెనక దాచాను. అక్క కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి, ముఖం ఎముకలు తేలి ఉంది, అయినా ఆ కళ్ళు నా ముఖం మీద లేవు. నా భుజం పక్క నుంచి గిన్నెను చూస్తున్నాయి.

నొప్పి ఎక్కడో సరిగ్గా చూపించమన్నాను. చూపించలేదు. నిలబడే బలం లేని మనిషి మంచం పట్టె పట్టుకొని లేచి, నన్ను పక్కకు నెట్టి, గిన్నె లాక్కుంది. చెంచా తీసి పడేసింది. వేళ్ళతో అడుగు దాకా తుడిచి నోట్లో పెట్టుకుంది. గొంతు కదిలింది, కదిలింది. పొరబోలేదు.

నేను ఏడుస్తున్నాను, ఆపు అక్కా, నొస్తది అంటున్నాను.

"ఇది నొప్పి కాదురా పిచ్చోడా," అంది వేలు నాకుతూ. "కడుపు అడుగుతంది. ఇంకింత పిండి తేపో."